ఏడు నుంచి ఏడు

ఆగస్టు 5, మంగళవారం. సాయంత్రం 7:50

పైథాన్‌కి తీసివేత రాదు. చెప్తే ఎవరూ నమ్మరు కాబట్టి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

పొద్దున కామరాజు సార్ నాచారం వచ్చాడు. మా సెక్యూరిటీ ఏజెన్సీకి ఫీల్డ్ ఆఫీసర్. మేం ఆరుగురం గార్డులం, ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీకి. నెలకోసారి ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని, రిజిస్టర్‌లో మా ఇన్ టైము, అవుట్ టైము చూసి, ఎవరు ఎన్ని డ్యూటీలు చేశారో వేళ్ళ మీద కూడతాడు. పన్నెండు గంటలు ఒక డ్యూటీ. ఈసారి వేళ్ళు మాని లాప్‌టాప్ తెచ్చాడు. ఎక్సెల్. పగటి డ్యూటీలు బాగానే వచ్చాయి. సాయంత్రం 7కి ఎక్కి పొద్దున 7కి దిగిన రాత్రి డ్యూటీ వేయగానే గడి నిండా ########. ముళ్ళకంచె. ఆయన జేబులోంచి కర్చీఫ్ తీసి స్క్రీన్ తుడిచాడు.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. అంత తెలిసినోడివైతే నువ్వే చెయ్యరాదు అన్నాడు. చేస్తా సార్ అన్నాను. ఇంటర్ తప్పినోడు ఏం చేస్తాడు అన్నట్టు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. దాని మీద కోపంతోనే రెండేళ్ళుగా ఫోన్లో వీడియోలు పెట్టుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాను.

చిలకానగర్‌లో రూముకి వచ్చి యూనిఫాం కూడా విప్పకుండా కూర్చున్నాను. పైథాన్‌లో టైము కోసం ఒక టైపు రెడీగా ఉంది. రెండు టైములు పెట్టి మధ్యలో మైనస్ పెట్టాను. ఎర్రర్. ఈ రెంటికీ మైనస్ కుదరదట. ఎందుకు కుదరదో చెప్పదు. ప్రపంచమంతా వాడే కంప్యూటర్ భాష, పన్నెండులోంచి ఏడు తీసి ఐదు అని చెప్పలేదా? మా అమ్మ చెప్తుంది, బడికి పోకుండా.

నేనే రాస్తాను.

ఆగస్టు 6

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో T కీ పనిచేయదు. రాసేది టైము గురించి. ప్రతిసారీ వేరేచోట నుంచి ఆ ఒక్క అక్షరం కాపీ చేసి పేస్ట్ చేస్తున్నాను. ఎవడు ఆపుతాడో చూస్తాను.

ఆగస్టు 9, శనివారం. మధ్యాహ్నం 2:20, గేటు గదిలో

దొరికింది.

రోజుకి 1440 నిమిషాలు. తారీఖు వద్దు, నెల వద్దు, ఏ దేశమో వద్దు. గోడ మీద గడియారం ఏం చూపిస్తుందో అదొక్కటే, ఒక అంకెగా. అర్ధరాత్రి 0. పొద్దున 7 అంటే 420. సాయంత్రం 7 అంటే 1140. రాత్రి డ్యూటీకి 420లోంచి 1140 తీస్తే మైనస్ 720. ఎక్సెల్ ఇక్కడే చచ్చింది. కానీ గడియారం గుండ్రంగా ఉంటుంది కదా. సున్నా దాటి వెనక్కి పోతే అటువైపు నుంచి తిరిగి వస్తుంది. 1440తో మాడ్యులో చేస్తే, అంటే మైనస్‌కి ఒక రోజు నిమిషాలు కలిపితే, 720. పన్నెండు గంటలు.

ఒక లైను. ఇంత గొడవకీ ఒక్క లైను.

బయట హారన్ కొడుతున్న లారీ డ్రైవర్‌కి గేటు తీసి సెల్యూట్ కొట్టాను. అతను భయపడి ముందే బిల్లు తీసి చూపించాడు.

ఆగస్టు 11, సోమవారం

నిన్న ఒక్కరోజులో పదిహేను గంటలు రాశాను. నా జీవితంలో ఇంత బాగా ఏ రోజూ గడవలేదు.

నిన్న నిజానికి నా వంతు. ఆదివారం మాకు షిఫ్టులు మారతాయి. పగటివాడు రాత్రికి, రాత్రివాడు పగటికి మారాలంటే మధ్యలో ఒకడు ఇరవై నాలుగు గంటలు గేటు మీద ఉండాలి. ఆదివారం పొద్దున 7కి ఎక్కి సోమవారం పొద్దున 7కి దిగుతాడు. రెండు డ్యూటీల కింద లెక్క. వంతులేసుకుని చేస్తాం. హన్మయ్య మామని నా బదులు నిలబడమని అడిగాను. మామ రిలీవర్. సొంత గేటు లేదు, ఎవరు రాకపోతే వాళ్ళ చోట నిలబడతాడు. యాభై ఎనిమిదేళ్ళు. అన్నోజిగూడ నుంచి రెండు బస్సులు మారి వస్తాడు. ఏం పని పడ్డది బిడ్డా అన్నాడు. గడియారం చేస్తున్నా మామా అన్నాను. చేసుకో పో అన్నాడు. ఇంకేం అడగలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

డ్యూటీకి పోలేదు. రేపు కూడా పోను. కడుపునొప్పి అని చెప్పాను.

ఇది కామరాజు సార్ పని దాటిపోయింది. లైబ్రరీ అయిపోయింది. అంటే వేరేవాళ్ళు ఎవరైనా తమ ప్రోగ్రాములోకి తెచ్చుకుని వాడుకునే కోడ్. టైముకి నిమిషాలు కలపొచ్చు, తీయొచ్చు. 23:50కి ఇరవై కలిపితే 0:10. ఒక టైము రెండు టైముల మధ్యలో పడుతుందో లేదో అడగొచ్చు, మధ్యలో అర్ధరాత్రి వచ్చినా సరే. రిజిస్టర్‌లో మావాళ్ళ రాతలన్నీ చదువుతుంది: 7.00, 7-00, 07:00, సా 7. సన్నీగాడు ఒకరోజు ఉత్త 7 రాసి పక్కన చంద్రుడి బొమ్మ వేశాడు. అది మాత్రం నావల్ల కాలేదు.

కోడ్ సరిగ్గా చెప్తుందో లేదో చూసే టెస్టులు 61. అన్నీ పాసై పచ్చగా వచ్చాయి. పచ్చరంగు ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు.

ఆగస్టు 31, ఆదివారం

నా వంతు. మామ నిలబడ్డాడు. నేను రాశాను.

సెప్టెంబర్ 13, శనివారం. ఉదయం 11

ఆన్‌లైన్‌లో పెట్టేశాను. ఇక ప్రపంచంలో ఎవరైనా దింపుకోవచ్చు. పేరు 'గోడ'. గోడ గడియారం టైము కాబట్టి. గడియారం అని పెడదామంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే నాకే చదవడం రాలేదు.

సన్నీకి చూపించాను. వాడు నాతోపాటు మెయిన్ గేటు. గోడ కట్టినవ్ సరే గని తలుపేడ పెట్టినవ్ అన్నాడు. వాడికేం తెలుసు.

సాయంత్రానికి మూడు స్టార్లు, నచ్చినవాళ్ళు కొట్టేవి. ఒకటి నాదే. మిగతా రెండూ ఎవరివో నాకు తెలియదు. ముక్కూ మొహం తెలియని మనుషులు. అన్నం తిని మళ్ళీ చూశాను. మూడే. చాలు.

ఈ వారంలో నిన్నా మొన్నా కూడా పోలేదు డ్యూటీకి. లెక్క తప్పింది ఎన్ని రోజులో.

సెప్టెంబర్ 20, శనివారం

గీతిక అని ఎవరో నా లైబ్రరీ పేజీలో ఫిర్యాదు పెట్టింది. ప్రొఫైల్‌లో వరంగల్ అని ఉంది. ఒకడు 7:00కి లోపలికొచ్చి 7:00కి బయటికి పోతే నీ లైబ్రరీ ఎంత చెప్తుంది అని అడిగింది. సున్నా అని రాశాను. దేన్నైనా దానిలోంచి తీసేస్తే సున్నా, రెండో తరగతి లెక్క, దానికి టెస్ట్ కూడా ఉంది, నంబర్ 14, పోయి చూసుకోండి అని.

ఏ రోజు ఏడు అని మళ్ళీ అడిగింది.

ఇది గోడ గడియారం మేడం, దీనికి రోజులుండవు, అదే దీని గొప్ప అని రాసి ఫిర్యాదు క్లోజ్ చేసేశాను. మూడు స్టార్లు వచ్చాయో లేదో, సలహాలిచ్చేవాళ్ళు వచ్చేస్తారు. నా కోడ్‌కి వంక పెట్టాలని డిగ్రీవాళ్ళకి ఎంత ఆత్రమో.

రేపు నా వంతు. మామని అడిగాను. సరే అన్నాడు.

అక్టోబర్ 4, శనివారం. సాయంత్రం 4

నాలుగు సెకన్లు!

ఉప్పల్‌లో ఏజెన్సీ ఆఫీసు. జూలై, ఆగస్టు, సెప్టెంబర్, ఆరుగురి రిజిస్టర్. టైపు చేయడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. లెక్కకి మాత్రం నాలుగు సెకన్లు. పేరు, డ్యూటీలు, ఆబ్సెంట్లు. కామరాజు సార్ రెండుసార్లు రన్ చేయించుకున్నాడు, సినిమాలో ఫైట్ మళ్ళీ పెట్టించుకున్నట్టు. పాత లెక్కలతో ఒకసారి పోల్చి చూద్దామా అన్నాను. కంప్యూటర్ వచ్చినంక ఆ చింపిరి కాయితాలెందుకు అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. టెస్టులు పచ్చగా ఉన్నాయి కదా, నేనూ పేర్ల వంక తేరిపార చూడలేదు.

ఈ లెక్క ఆయనకెందుకో తర్వాత చెప్పాడు. నవంబర్ ఒకటి నుంచి కొత్త కాంట్రాక్టు. ఫ్యాక్టరీ వాళ్ళు ఆరుగురు వద్దు, ఐదుగురు చాలు అన్నారట. ఎక్కువ ఆబ్సెంట్లు ఉన్నవాణ్ణి తీసేస్తారు. అందుకే లెక్క పక్కాగా కావాలి. ఇంకో మాట కూడా చెప్పాడు. కాంట్రాక్టు ఖాయం కాగానే ఆఫీసులో కంప్యూటర్ సీటు నాకేనట.

కుర్చీ చూపించాడు. చక్రాలున్నాయి.

అక్టోబర్ 11, శనివారం. ఉదయం 7:30

లిస్టు గేటు గదిలో అంటించారు. తీసేసేది హన్మయ్య మామని. పదిహేనో తారీఖున ఫ్యాక్టరీవాళ్ళు సంతకం పెడతారు, అంతే.

తొమ్మిది ఆబ్సెంట్లట. ఏ తారీఖులో రాయలేదు, ఉత్త అంకె.

సన్నీ ఎగిరాడు. ముసలాయనకి తొమ్మిదేంది, ఆయన ఇంటికి పోయిందే తొమ్మిదిసార్లు అన్నాడు. మామ మాత్రం లిస్టుకి దూరంగా నిలబడి టిఫిన్ డబ్బా తాడు కట్టుకుంటున్నాడు. నేను దగ్గరికి పోయాను. నా మొహం చూడకుండా మెల్లగా అన్నాడు:

"తొమ్మిది దినాలు నేను రాలేదంట దుర్గేషూ. యాదికి లేదు మరి. కంప్యూటర్ జెప్పిందంటే ఎట్ల కాదంట? వయసైపోయినట్టుంది."

కంప్యూటర్ ఎవరో మామకి తెలియదు.

అదే రోజు. ఉదయం 9:10

లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మామ ఆబ్సెంట్లకి తారీఖులు స్క్రీన్ మీద వేయించాను.

జూలై 6. జూలై 20. జూలై 27. ఆగస్టు 3. ఆగస్టు 10. ఆగస్టు 17. ఆగస్టు 31. సెప్టెంబర్ 14. సెప్టెంబర్ 21.

అన్నీ ఆదివారాలు.

టైపు చేయడానికి ఫోన్లో తీసుకున్న రిజిస్టర్ ఫోటోలు తెరిచాను. ఆ తొమ్మిది చోట్లా మామ గుండ్రటి అంకెలు. ఇన్ 7:00. అవుట్ 7:00. ఇరవై నాలుగు గంటలు నిలబడ్డాడు. నా లైబ్రరీ ఏడులోంచి ఏడు తీసి సున్నా అంది. సున్నా అయితే ఆబ్సెంట్ అని రాసింది నేనే. మిగతావాళ్ళకీ అదే పడింది, కానీ వాళ్ళకి ఒకటో అరో. వంతులన్నీ మామ మీద తోసినవాళ్ళం కదా, ఎక్కువ పడేది మామకే.

అందులో ఆగస్టు 10, 31, సెప్టెంబర్ 21 నావి. మామని గేటు మీద నిలబెట్టి నేను ఇక్కడ ఇదే మంచం మీద ఇదే కోడ్ రాశాను. ఆయన నిలబడ్డ గంటలతో చేసిన సామాను ఆయన గంటల్నే మింగింది.

టెస్ట్ నంబర్ 14 ఇంకా పచ్చగానే ఉంది. లాప్‌టాప్ నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కొడితే దిద్దేదెవరు?

అక్టోబర్ 12, ఆదివారం. మధ్యాహ్నం

సున్నా వస్తే 1440 అని మార్చేస్తే అయిపోతుంది అనుకున్నాను. మా రిజిస్టర్‌కి అయిపోతుంది. ఏడింటికొచ్చి ఏడింటికే పోయేవాడు మా దగ్గర సంతకమే పెట్టడు. కానీ వేరే ఊళ్ళో వేరే ఎవడో నా లైబ్రరీ దింపుకుని, ఒక నిమిషం కూడా ఆగకుండా పోయిన మనిషికి రోజంతా రాసేస్తే?

పొద్దున్నించి దీని చుట్టూ తిరుగుతున్నాను. ఇప్పుడు ఒక్కసారిగా వెలిగింది, వీపు మీద చన్నీళ్ళు పోసినట్టు. గోడ గడియారం ఏడు చూపిస్తుంది. నిన్నా ఏడే చూపించింది, రేపూ ఏడే చూపిస్తుంది. రెండు ఏడుల మధ్య ఎంత దూరమో గడియారానికి తెలియదు. తెలిసే దారే లేదు. అందుకే పైథాన్ కుదరదు అంది! దానికి తీసివేత రాక కాదు. తెలియనిదానికి తెలియదు అని చెప్పింది. నేను బూతులు తిట్టాను. తెలియకపోయినా తెలిసినట్టు చెప్పేదాన్ని తయారుచేసి స్టార్లు లెక్కపెట్టుకున్నాను.

సిగ్గుగా ఉంది. మస్తు సంతోషంగా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకు తెలియదు. గదిలో అటూ ఇటూ నడుస్తున్నాను. ఆరడుగులే ఉంది.

టైపు చేసిన మూడు నెలలదీ మొదటి వరుస నుంచి దిద్దుతున్నాను. ఈసారి ప్రతి ఇన్‌కీ తారీఖు, ప్రతి అవుట్‌కీ తారీఖు, తర్వాత ఎక్కినవాడి ఇన్ చూసి.

సాయంత్రం 6:40

రన్ అయింది. హన్మయ్య, ఆబ్సెంట్లు సున్నా. మూడు నెలల్లో ఒక్కరోజు మానలేదు మనిషి.

సన్నీ నాలుగు.

దుర్గేష్ ఐదు.

అక్టోబర్ 13, సోమవారం

పంపలేదు.

అక్టోబర్ 14, మంగళవారం. ఉదయం 6

రాత్రి చేత్తో లెక్క వేశాను, కాగితం మీద. తప్పు వస్తుందేమోనని ఆశ. ఐదే. ఆగస్టులో రెండు, సెప్టెంబర్‌లో రెండు. జూలైలో ఒకటి, లాప్‌టాప్ కొన్న రోజు. ఏదీ ఆదివారం కాదు. నా వంతు ఆదివారాలన్నీ మామే చేశాడు కాబట్టి నాకు ఏడు నుంచి ఏడు ఒక్కటీ లేదు. దాక్కోవడానికి ఒక్క సున్నా కూడా లేదు.

అమ్మకి ఫోన్ చేసి ఉద్యోగం పోవచ్చు అన్నాను. ఎవరితోనన్నా కొట్లాడినవా అంది. లెక్కతో అన్నాను. లెక్కలల్ల నువ్వెప్పుడు గెల్సినవ్ రా అంది.

రేపు సంతకాలు. ఆఫీసు పదింటికి తెరుస్తారు.

అదే రోజు. మధ్యాహ్నం 1:15

చెప్పేశాను.

కామరాజు సార్‌కి ముందు అర్థం కాలేదు. తొమ్మిది ఫోటోల ప్రింట్లు టేబుల్ మీద వరసగా పెట్టాను. ఆ రోజు ఎక్సెల్ కుదరక జూలైవి ఆయనే వేళ్ళ మీద కూడిన కాగితం బీరువాలోంచి తీయించాను. అందులో మామ ప్రతి ఆదివారానికీ రెండు డ్యూటీలని ఆయన చేతిరాతే. చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను తిట్టాడు. కంప్యూటర్ లిస్టు అని ఫ్యాక్టరీ మేనేజర్‌కి గొప్పగా చెప్పుకున్నాడట, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోవాలట. తిట్టనిచ్చాను. మామూలుగా అయితే నేనూ రెండు అనేవాణ్ణి.

తర్వాత అడిగాడు:

"హన్మయ్య పేరు కొట్టేస్తే ఇంకోడి పేరు ఎక్కియ్యాలె గదా. ఎవన్ది?"

"నాది సార్."

కుర్చీలో వెనక్కి వాలాడు. చక్రాలు కిర్రుమన్నాయి. నా కాగితం తీసుకుని ఐదు రోజులనీ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. నాకోసం ఒకటి తగ్గుతుందేమో అని చూస్తున్నట్టే అనిపించింది. తగ్గలేదు. రాసియ్యి అన్నాడు. తప్పు ప్రోగ్రాముదని, హన్మయ్యది కాదని రాసి సంతకం పెట్టాను. సీటు గురించి నేను అడగలేదు, ఆయన అనలేదు. మెట్లు దిగుతుంటే మాత్రం పైనుంచి పిలిచి, ఇకమీద వేళ్ళే నయం అన్నాడు.

వేళ్ళు నయం కాదు సార్ అని అరిచాను కింద నుంచి. అది మాత్రం ఒప్పుకోను.

అక్టోబర్ 15

సంతకాలయ్యాయి. మామ ఉన్నాడు. నేను 31 దాకా.

అక్టోబర్ 18, శనివారం

మామకి సన్నీ అంతా చెప్పేశాడు. మామ గేటు గదిలోకి వచ్చి నన్ను తిట్టాడు. కామరాజు సార్ తిట్లు దీని ముందు ఎందుకూ పనికిరావు. చిన్నోడివి, పెళ్ళి కావాల్సినోడివి, నీ పేరు నువ్వే రాసిచ్చుకుంటావా, బుద్ధుందా అన్నాడు. నీ ఆదివారాలు నేనే తిన్నాను కదా మామా అన్నాను. తింటే తిన్నవ్, నేను ఆకలైతుందన్ననా అన్నాడు.

తర్వాత ఆ మిషన్ నా తొమ్మిది దినాలు ఎట్ల మర్చిపోయింది అని అడిగాడు. అది మర్చిపోలేదు, ఏ రోజు ఏడో దానికి ఎవరూ చెప్పలేదు అన్నాను. రిజిస్టర్‌లో ఒక వరుసకి ఒకటే తారీఖు, అది ఇన్‌ది. అవుట్‌కి తారీఖు రాసే చోటు లేదు. మామ అర్థమైనట్టు తల ఊపాడు. అర్థమైందో లేదో.

అక్టోబర్ 19

కొత్త వెర్షన్ పెట్టాను. టైములోంచి టైము తీస్తే ఇప్పుడు నా గోడ కూడా ఒప్పుకోదు. ఎర్రర్ వస్తుంది. కానీ పైథాన్ లాగా మూగగా కాదు. రెండు టైముల తారీఖులు చెప్పండి, అప్పుడు చెప్తాను అంటుంది. టెస్ట్ నంబర్ 14 తీసేశాను. దాని చోట ఇరవై రెండు కొత్తవి. 82.

గీతికకి క్షమించమని రాశాను. తెలుగులోనే. ఎందుకు క్లోజ్ చేశానో, ఏమైందో, మామ తొమ్మిది ఆదివారాలూ, అంతా. గంటలో జవాబు వచ్చింది. ఆమె ఒక హాస్టల్‌కి గేటు పాసుల ప్రోగ్రాం రాస్తుందట. ఆమె కూడా ఇదే గుంటలో పడిందట. పొద్దున ఆరింటికి ఊరికి పోయి మర్నాడు ఆరింటికి వచ్చిన పిల్ల అసలు బయటికే పోలేదని ఆ ప్రోగ్రాం చూపించిందట. మీ ఎర్రర్ మెసేజ్ బాగుంది, నేను వాడుకుంటాను అంది.

నాలుగో స్టార్.

అక్టోబర్ 25, శనివారం

రేపటి వంతు మామది. నేను తీసుకున్నాను. సన్నీ పందెం కాశాడు, మధ్యాహ్నానికే కూలబడతానని. పదహారు నెలల నుంచి గేటు మీద ఉన్నాను, నిలబడ్డ ఇరవై నాలుగు గంటల లాంగ్ డ్యూటీ ఒక్కటీ లేదు. ఎలా ఉంటుందో చూడాలని నిజంగానే ఆత్రంగా ఉంది. మజ్జిగ, రెండు జతల మేజోళ్ళు, ఈ డైరీ.

అక్టోబర్ 26, ఆదివారం. ఉదయం 7:00

ఇన్.

అక్టోబర్ 27, సోమవారం. ఉదయం 7:00

అవుట్.

హన్మయ్య మామ ఆరున్నరకే వచ్చి నిలబడ్డాడు. నేను సంతకం పెట్టాక రిజిస్టర్ తన వైపు తిప్పుకున్నాడు. పెన్ను అడిగాడు. నా అవుట్ పక్కన ఉన్న సందులో గుండ్రంగా 27 అని రాశాడు. తర్వాత స్కేలు అడిగి, ఆ 27 పక్కనే పేజీ కింద దాకా నిలువు గీత గీశాడు.